గాలి కొలుచువాడు

పుష్పక విమానములో ఎందరెక్కినను ఇంకొకరికి చోటు మిగులునని మన పెద్దలు చెప్పుకొనెడివారు. లంకనుండి వానరులతోను, విభీషణాదులతోను సహా రాముని అయోధ్యకు చేర్చిన విమానమది. అందు గాలి యెట్లుండెనో, వెనుక వరుసలలోని వానరులకు ఉక్కపోసెనో లేదో విచారించిన వ్యాఖ్యాతను నేనెరుగను. నేటి విమాన సంస్థలు పుష్పకపు మహిమలో సగము సాధించినవి. బోయింగ్ 737-800 అను విమానమును రెండు తరగతులుగా అమర్చినచో సుమారు 162 ఆసనములు పట్టును. చౌక టికెట్ల సంస్థ కోరినచో అదే గొట్టములో 189 పట్టును. విమానము అంగుళమైనను పెరుగలేదు. తలలు పెరిగినవి, మోకాళ్ళ ముందటి చోటు తరిగినది.

ఇది నగరవాసుల గొడవయనియు, కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల వారికి దీనితో పనిలేదనియు పాఠకులు కొందరు తలపవచ్చును. ఆదిలాబాదున నిజాము కాలపు విమానక్షేత్రమొకటి కలదు. దానిని పౌర విమానములకు వాడుకొనుటకు 2025లో వైమానిక దళము సమ్మతి తెలిపినది. రామగుండము చేరువ బసంత్‌నగరమున సిమెంటు కర్మాగారమువారు వేయించుకొన్న చిన్న బాట యొకటి కలదు. వీటి మాట యెట్లున్నను, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, వేములవాడ, ధర్మపురి, నిర్మల్, ఖానాపూరు ప్రాంతములలో విమానమెక్కినవాడు లేని ఊరు వెదకుట కష్టము. రైలెక్కకముందే విమానమెక్కిన వారిని నేనెరుగుదును. ఊరి బస్సు దిగి, హైదరాబాదు బస్సెక్కి, శంషాబాదులో తెల్లవారుజాము వరకు నేలపై కూర్చుండి గల్ఫునకు పోవువారు వీరు. పది గంటల బస్సు ప్రయాణమునకు గొణుగని ఆ మనుష్యులు నాలుగు గంటల విమాన ప్రయాణమునకు గొణుగుదురా?

మా సీమలో ఒక మాట కలదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి, ఈ మూడు బాయిలే మా బ్రతుకుదెరువులని. వాననమ్ముకొన్న సేద్యము వమ్మైనప్పుడు ఒక తరము బెల్లంపల్లికో, మందమర్రికో, గోదావరిఖనికో పోయి గనిలో దిగినది. మరికొందరు బొంబాయి పోయి మిల్లులలోను, ఇండ్ల కట్టుబడులలోను కలిసిరి. కొడుకులు, మనుమలు దుబాయి దారి పట్టిరి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువకముందు వీరిలో పెక్కురకు రెండవ బాయియే మూడవదానికి వాకిలి. బాయి యనగా మాకు బావి. మొదటిది భూమిలోనికి త్రవ్వినది. దుబాయికి పోవు త్రోవ ఆకాశముననున్నను, ఎక్కినవానికి విమానమును ఒక మూతవేసిన బావియే. రెండుచోట్లను మనిషి పీల్చునది ఇంకొకరు పంపించిన గాలి. పంపువాడు ఆపినచో, ఆగును.

గత సంవత్సరము మే నెలలో నేను ఢిల్లీనుండి తిరిగివచ్చుచు ఒక విమానములో గంటకు పైగా నేలమీదనే కూర్చుంటిని. సంస్థ పేరు ఇక్కడ అప్రస్తుతము. తలుపులు మూసిరి, కొంతసేపటికి తలలపైనున్న గాలి రంధ్రములు చల్లగా మూగవోయినవి. భద్రతా సూచనల అట్టలన్నియు విసనకర్రలైనవి. నా ప్రక్క ఆసనములో మెట్‌పల్లి వైపు యువకుడొకడు, గల్ఫునుండి ఢిల్లీ మీదుగా ఇంటికి వచ్చుచున్నవాడు, చొక్కా తడిసి వీపునకంటుకొనియుండగా చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. "పిల్లవాడా, గాలి ఎప్పుడు వచ్చునో అడుగరాదా?" అంటిని. "వద్దు సార్. అడిగితె దించేస్తరేమో" అనెను. రెండేండ్ల తరువాత ఇల్లు చేరుచున్నవాని భయమది. నేనును అడుగలేదని ఇక్కడ ఒప్పుకొనవలెను. నాకా భయము కూడ లేదు, బిడియము మాత్రమే.

ఇంటికి వచ్చి ఈ సంగతి మా పొరుగున నున్న ఒక పెద్దమనిషితో చెప్పితిని. ఆయన సింగరేణిలో మైనింగు సర్దారుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడు. అంతయు విని ఒకే ప్రశ్న వేసెను.

"అండ్ల గాలి కొలిచెటోడు లేడా సారూ?"

ముందుగా విమానమునకు న్యాయము చేయవలెను. ఆకాశములో నున్నంతసేపు అందలి గాలి మనము భయపడునంత చెడ్డది కాదు. పెక్కు విమానములలో ఇంజను తన లోపల నొక్కి వేడెక్కించిన బయటి గాలిలో కొంత భాగమును ప్రయాణికులకై తీసి, చల్లార్చి, లోపలికి పంపుదురు. 2011లో సేవకు వచ్చిన బోయింగ్ 787 మాత్రము ఇంజనునుండి తీసికొనక విద్యుద్యంత్రములతో బయటి గాలిని నొక్కి తెచ్చుకొనును. ఈ క్రొత్త గాలి సుమారు సగము. తక్కిన సగము లోపలి గాలియే, సన్నని వడపోతలగుండా నడచి మరల వచ్చునది. ఆ వడపోతలు వైద్యశాలలలో శస్త్రచికిత్స గదులకు వాడువాటి కోవలోనివి. మైక్రానులో మూడవవంతు కంటె చిన్నవైన కణములను సైతము 10,000కు మూడు తప్ప తక్కిన వాటినెల్ల పట్టునట్టివి. గాలి పైనుండి దిగి, దాదాపు అదే వరుసలో కాళ్ళకడ బయటికి పోవును. గంటకు 20 నుండి 30 మారులు గది గాలియంతయు మారును. మా కళాశాలలో నూరుమంది కూర్చుండు తరగతి గదికి ఈ భాగ్యము లేదు.

గొంతు ఎండుట, కండ్లు మండుట గాలి మురికివలన కాదు, తేమలేమివలన. అంత ఎత్తునందలి గాలిలో నీరుండదు గనుక గదిలోని తేమ 20 శాతము కూడ ఉండదు. ఇక ఒత్తిడి: గదిని 8,000 అడుగుల ఎత్తునకు మించని స్థితిలో నుంచవలెనని నియమము. అనగా కరీంనగరమునుండి కదలకయే మనిషి ఉదకమండలము కంటె కొంచెమెత్తున కూర్చుండినట్లు. ఆరోగ్యవంతునకు ఇది లెక్కలోనిది కాదు. ఎడారి ఎండలో గుండెయో, ఊపిరితిత్తులో చెడి ఇంటికి మరలువానికి లెక్కలోనిదే.

ఈ గాలికి తలలెక్క కలదు. 1996లో అమెరికావారు సవరించిన నియమముల ప్రకారము క్రొత్త నమూనా విమానము ఒక్కొక్క మనిషికి నిమిషమునకు 0.55 పౌండ్ల క్రొత్తగాలి ఈయగలదై యుండవలెను. మన తూకములో పావుకిలో. గాలిని తూచి ఇచ్చుట వింతగా దోచును గాని, ఎత్తునుబట్టి గాలి వ్యాకోచించును గనుక కొలుచుటకంటె తూచుటయే న్యాయము. ఆ యేడే ఇంకొక గీతయు గీచిరి: గదిలో బొగ్గుపులుసు వాయువు అర శాతము మించరాదని. అంతకుముందు 3 శాతము వరకు సహించెడివారు.

ఈ అర శాతమను అంకెను విన్నంతనే మా పొరుగాయన ముఖము వికసించినది. అది ఆయన అంకె. బొగ్గు గనుల నియమావళి, 1957 నాటి దాని స్థానమున 2017లో వచ్చినది, భూమిలోపల మనిషి పనిచేయు లేక నడచు ప్రతి చోటను గాలిలో ప్రాణవాయువు 19 శాతమునకు తగ్గరాదనియు, బొగ్గుపులుసు వాయువు అర శాతమునకు మించరాదనియు చెప్పుచున్నది. బెల్లంపల్లి గనిలోని తండ్రికిని, ముప్పదివేల అడుగుల పైనున్న కొడుకునకును శాసనకర్తలు ఒకరినొకరు సంప్రదింపకయే ఒకే గీత గీచిరి.

ఐతే గని శాసనము అంతటితో ఆగలేదు. ఒక పనిజట్టులోని ఒక్కొక్క మనిషికి నిమిషమునకు 6 ఘనమీటర్ల గాలి చేరవలెను. లేక దినమునకు తీసిన బొగ్గు టన్నొకటికి రెండున్నర ఘనమీటర్లు. రెంటిలో ఏది ఎక్కువైన అది. విమానపు పావుకిలోతో పోల్చి ఇదెంత ఉదారమని చెప్పబోను. గనిలో గాలి పీల్చుటకే కాదు, మండు వాయువులను తరిమివేయుటకును, వేడిని మోసికొనిపోవుటకును కావలెను. నన్నాకర్షించినది దాని తరువాతి నియమము. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము 33.5 డిగ్రీలు దాటరాదు. 30.5 దాటినచో అచట గాలి సెకనుకు ఒక మీటరు వేగమునకు తగ్గకుండ వీచవలెను. ఒట్టి ఉష్ణమాపకము వేడిని మాత్రమే చెప్పును. తడిగుడ్డది మనిషి చెమట ఆరునో ఆరదో చెప్పును. చెమట ఆరనిచోట ఎంతటి బలశాలియైనను కూలును. ఆ సంగతి తెలిసినవారు వ్రాసిన వాక్యమది. దానిని కొలుచుటకు మనిషి కలడు, కొలిచినది వ్రాయుటకు పుస్తకము కలదు, పుస్తకము చూచుటకు తనిఖీ అధికారి కలడు.

గనులు సుఖస్థానములని నా భావము కాదు. 2003 జూన్ నెలలో గోదావరిఖని ఏడవ ఎల్.ఇ.పి. గనిలో నీరు చొచ్చి 17 మంది ప్రాణములు పోయినవి. నియమములు పుస్తకములో నుండుటకు, పాటింపబడుటకు నడుమనున్న దూరము ఆ ఊరివారికి ఎవరును చెప్పనక్కరలేదు. కాని అంకె యున్నచోట తప్పిన దూరమును కొలువవచ్చును. అంకెయే లేనిచోట ఏమి కొలుతుము?

విమానమునకు నేలమీద నున్నప్పుడు అంకె లేదు. ఇదియే అసలు చిక్కు. ఇంజనులు ఆగియున్నప్పుడు తోకలో నున్న చిన్న యంత్రమొకటి గాలిని ఈయవలెను. అది చెడినను, చమురు మిగుల్చుకొనుటకై ఆపినను, విమానాశ్రయమువారి పెద్ద గొట్టమొకటి తగిలించి చల్లనిగాలి పంపవలెను. గొట్టము అందనిచోట, లేదా అది తీసివేసి తలుపులు మూసి ఇంజను ఇంకను మొదలిడని నడిమి వేళలో, రెండును లేవు. మే, జూన్ నెలలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో అల్యూమినియపు గొట్టము కాగును. చిన్న యంత్రము నడచుచున్నను ఆ వేడిమికి చాలకపోవచ్చును.

ఇరుకు బాధించునది ఇక్కడనే. ఆకాశములో తలకింత యని గాలి యున్నది గనుక 162 మంది స్థానమున 189 మంది యున్నను ఊపిరికి లోటులేదు. నేలమీద గాలి ఆగినప్పుడు ప్రతి తలయు ఒక పొయ్యి. ఊరక కూర్చున్న మనిషి శరీరము సుమారు 100 వాట్ల వేడిమిని విడుచును. 189 మంది కలిసి పందొమ్మిదివేల వాట్లకు దగ్గర: గదిలో నీళ్ళు కాచు హీటర్లు పందొమ్మిది ఒక్కమారు వెలిగించినట్లు. ప్రతివాడును గంటకు 18, 20 లీటర్ల బొగ్గుపులుసు వాయువును విడుచును. అంతమంది అంత చిన్న గదిలో నున్నప్పుడు, గాలి పూర్తిగా ఆగినచో అర శాతపు గీత దాటుటకు గంటలక్కరలేదు. నిమిషములు చాలునని నా లెక్క.

వేడి మాటయే గాక అంటురోగముల మాటయు కలదు. 1977లో అలాస్కాలో ఒక విమానము యంత్రలోపమువలన గంటల తరబడి నేలమీద నిలిచినది. గాలి యంత్రము ఆపిరి. ఇన్‌ఫ్లుయెంజా సోకిన ఒక స్త్రీ అందులో నుండెను. విమానములోని 54 మందిలో మూడు దినములలో 72 శాతము మంది జబ్బుపడిరి. వైద్యులు నేటికిని ఉదాహరించు సంఘటన యిది. దీనికి ఎదురు ఉదాహరణయు చెప్పకపోవుట అన్యాయము: 2003 మార్చిలో హాంగ్‌కాంగునుండి బీజింగునకు పోయిన విమానములో గాలి యంత్రము ఆగిన దాఖలా లేదు, ఐనను సార్స్ రోగి ఒకనివలన తక్కిన 119 మందిలో 22 మందికి ఆ జబ్బు వచ్చినది. అనగా వడపోత యున్నంతమాత్రమున ప్రక్కవాని దగ్గు మాయము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ విమానములలో క్షయవ్యాధిని గూర్చి 1998లో తొలుత ప్రకటించి, 2008లో మూడవమారు సవరించిన సూచనలలో, నేలపై ఆలస్యము అరగంట మించునప్పుడు గాలి తప్పక ఆడవలెనని చెప్పినది. అరగంట! ఈ అంకె ఉన్నదని మన ప్రయాణికులలో ఎందరికి తెలియును?

కరోనా నాళ్ళలో ఈ ఇరుకు ఒకసారి న్యాయస్థానమెక్కినది. 2020 మే 7న విదేశములందలి మనవారిని తెచ్చు విమానములు మొదలైనవి. 9వ తేదీన కువైటునుండి 163 మంది హైదరాబాదునకు చేరిరి. నడిమి ఆసనము ఖాళీగా నుంచవలెనన్న ఆదేశమును విమానసంస్థ పాటించుట లేదని ఆ సంస్థలోని చోదకుడే బొంబాయి హైకోర్టులో దావా వేసెను. మే 25న సుప్రీంకోర్టు, ముందే అమ్మిన టికెట్ల దృష్ట్యా జూన్ 6 వరకు నడిమి ఆసనములకు అనుమతించుచు, తాను విమానములో నున్నాననియు అంటరాదనియు వైరసుకు తెలియునా యని అడిగినది. జూన్ 1న పౌర విమానయాన డైరెక్టరు జనరలు కార్యాలయము, వీలైనంతవరకు నడిమి ఆసనము విడువుడు, వీలుకానిచో అందు కూర్చున్నవానికి పై అంగరఖా ఈయుడు అని ఆదేశించినది. జూన్ 15న హైకోర్టు, జాగ్రత్తలు పాటించినచో నడిమి ఆసనము నింపవచ్చునని తీర్పు చెప్పినది. ఆ తీర్పు తప్పని నేననను. మా పల్లెల పిల్లలు పనులు పోయి, అద్దెలు కట్టలేక, ఒక్కొక్క ఆసనమునకై కాచియుండిన రోజులవి. మూడవవంతు ఆసనములు ఖాళీగా వచ్చినచో మూడవవంతు మంది అక్కడనే మిగిలియుందురు. కాని పుష్పకపు ఖాళీ చోటు గూర్చి ఇంత వాదన యేర్పడుట మాత్రము చిత్రమే.

నేలపై గాలి ఆగుట నా ఒక్కని అనుభవము కాదు. 2024 జూన్ 19న ఢిల్లీనుండి దర్భంగా పోవలసిన విమానములో గంటసేపు చల్లని గాలి లేక వేగితిమని ప్రయాణికులు మొరపెట్టుకొనిరి. 2025 జూన్ 13 రాత్రి దుబాయినుండి జయపురము పోవు విమానములో దాదాపు ఐదు గంటలు అట్లే కూర్చుంటిమని అందున్నవారు చెప్పిరి. మన పిల్లలు బయలుదేరు విమానాశ్రయమే అది. జూన్‌లో అక్కడ రాత్రియు మంటయే. ఇవి చేతిఫోనులలో చిత్రములు తీయగలవారుండుటచేత బయటపడినవి. ఒడిలో చేతులు పెట్టుకొని కూర్చున్నవారి విమానములు లెక్కకు రావు.

అమెరికాలో నియమమున్నది: స్వదేశపు ప్రయాణమైనచో 2010నుండి మూడు గంటలు, విదేశపుదైనచో 2011నుండి నాలుగు గంటలు మించి జనమును నేలపై విమానములో నిలిపియుంచరాదు; దిగనీయవలెను. రెండు గంటలలో తిండి, నీరు ఈయవలెను. గది సుఖమైన ఉష్ణోగ్రతలో నుండవలెనని కూడ చేర్చిరి గాని, అక్కడను ఆ సుఖమునకు డిగ్రీలు చెప్పలేదు. మన దేశములో 2024 మార్చిలో పౌర విమానయాన భద్రతా కార్యాలయము, ఎక్కిన తరువాత ఆలస్యము మిక్కుటమైనచో ప్రయాణికులను తిరిగి దిగనిచ్చుటకు వీలు కల్పించుచు మార్గదర్శకములు వెలువరించినది. మేలైన పనియే. దించుటయా మానుటయా యన్న నిర్ణయము మాత్రము సంస్థకును, భద్రతా శాఖకును విడిచిరి. ఉష్ణమాపకము ఊసు అందు లేదు.

విమానసంస్థలకును తమ వాదన కలదు. దించినచో మరల తనిఖీ, మరల ఎక్కించుట, ఎగురు వంతు చేజారుట. ఐదు నిమిషములలో కదలుదుమన్న ఆశతో గంట గడచుట వారి దురుద్దేశము కాదు. చౌక టికెట్టు లేనిచో సిరిసిల్ల నేతకాని కొడుకు మూడేండ్లకొకమారు వచ్చుటకు బదులు ఆరేండ్లకొకమారు వచ్చును. కావున 189ని 162 చేయుమని నేనడుగను. 189 మందిని కూర్చుండబెట్టినవారు తలుపు మూసిన క్షణమునుండి గదిలో ఒక ఉష్ణమాపకము, వాయువు కొలుచు పరికరము పెట్టి, ఇంత దాటినచో ఇన్ని నిమిషములలో గాలి తెప్పింతుము లేదా తలుపు తెరతుము అని వ్రాసి యుంచుటకు ఖర్చెంత? 33.5 అను అంకె మన దేశపు శాసనములోనే, మన జిల్లాల గనులలోనే సిద్ధముగా నున్నది. బొగ్గు త్రవ్వువానికి పనికివచ్చినది, టికెట్టు కొన్నవానికి పనికిరాకపోదు.

ఈ మాటలు మా పొరుగాయనతో అనగా ఆయన కొంతసేపూరకుండి, "మా కాలంల గాలి తక్కువున్నదంటె సర్దారు పని ఆపి మనుషులను బయటికి తియ్యాలె. మేనేజరు తరువాత అడుగుతడు" అనెను. విమానములో ఆ అధికారము చోదకునకున్నది గాని, తలుపవతల అతడును వంతుకోసము నిలిచినవాడే.

వచ్చే వారము ఆయన మనుమడు సెలవు ముగించుకొని మరల దుబాయి పోవుచున్నాడు. నిన్న ఇద్దరును మా ఇంటికి వచ్చిరి. గాలి ఆగినప్పుడు ఏమడుగవలెనో ఇంగ్లీషులో వ్రాసి యిమ్మని కోరిరి. మూడు ప్రశ్నలు వ్రాసితిని: గాలి ఎంతసేపటినుండి ఆగినది, ఎప్పుడు వచ్చును, అరగంట దాటినచో దిగుటకు ఎవరిని అడుగవలెను. పిల్లవాడు ఒకమారు చదివి, "అడిగితె దించెయ్యరు గద సార్?" అనెను. "దిగుటకే కదరా అడుగుచున్నావు" అని తాత నవ్వెను. పిల్లవాడు కాగితమును నాలుగు మడతలు వేసి పాస్‌పోర్టు అట్టలో దోపుకొనెను.